పేజీ తిప్పని పిల్ల

ఇంకో ఏడాదిలో రిటైరయ్యేదాన్ని, నాకెందుకీ తద్దినం అని ఎంత మొత్తుకున్నా పైవాళ్ళు వినలేదు. సూర్యాపేటలో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌ని. నా బడిలోనే నాకు సవాలక్ష తలనొప్పులు. అయినా ప్రాథమిక బడుల తనిఖీ కమిటీలో నా పేరు వేశారు. వేసి ఊరుకున్నారా అంటే అదీ లేదు, పాలకీడు వైపు బడులు నా వంతుకు ఇచ్చారు. ఆ జాబితాలో నాలుగోది మా ఊరి బడి. నేను పలక పట్టిన బడి. అమ్మానాన్నలు పోయి, ఇల్లూ దుకాణమూ అమ్మేశాక ఆ ఊళ్ళో నాకేం పని అని అందరితో చెప్పుకుంటూ వచ్చాను. పని లేక కాదు. అక్కడ లింగమ్మ ఉంది. ఆమె మీద నాకు కోపం. హాస్టల్లో చేరిన ఏడు పట్టిన కోపాన్ని నెత్తి నెరిసేదాకా మోసిన మొండిదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇప్పుడు తనిఖీ అంటే చేతిలో ఒక ఫారం. నీళ్ళున్నాయా, మరుగుదొడ్డికి తలుపుందా, వంటగది శుభ్రంగా ఉందా, వారానికి ఎన్ని గుడ్లు పెడుతున్నారు, గోడమీద బొమ్మలున్నాయా. అన్నీ అయ్యాక ఎక్కడో కింద, పిల్లలు ధారాళంగా చదువుతున్నారా, అవును, కాదు. నాతో రావలసిన కమిటీ సారు ఒకే పూట రెండు బడులు తేల్చేద్దామని పక్క ఊరికి పోయాడు. హుజూర్‌నగర్‌లో ఆటో మాట్లాడుకుని నేనొక్కదాన్నే వచ్చాను. రెండు గదులు, ఇరవైమంది లోపు పిల్లలు, ఐదు తరగతులకూ కలిపి ఒక చిన్న వయసు టీచరమ్మ. నీళ్ళున్నాయి, తలుపుంది, గుడ్డు పెడుతున్నారు. మూడో తరగతి నుంచి ఒక పిల్లను లేపి చదవమన్నాను. బక్కపల్చగా ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, గలగలా చదవడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. పేజీ చివర వాక్యం సగంలో ఆగుతుంది, మిగతా సగం వెనక పేజీలో ఉంటుంది. పిల్ల ఆగలేదు. వెనక పేజీలో ఉన్నదంతా అదే పేజీ మీద వేలు పెట్టుకుని చదివేసింది.

కుర్చీలో కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. పేరేమిటని అడిగితే నందిని అంది. అమ్మానాన్నలు మిర్యాలగూడలో రైస్‌మిల్లు పనికి పోయారట, తాను నాయనమ్మ దగ్గర ఉంటుందట. నాయనమ్మ పేరు చెప్పకముందే నాకు అర్థమైపోయింది. ఆ కళ్ళు లింగమ్మవి.

టీచరమ్మ కూడా పేజీ సంగతి చూసింది. నన్ను వరండాలోకి పిలిచి రెండు చేతులూ పట్టుకుంది. "మేడం, జర ఆ ఒక్కటి రాయకండి. ఐదు క్లాసులకు నేనొక్కదాన్నే. పొద్దుందాక ఫొటోలు పంపుడు, ఫారాలు నింపుడే అయితది. చదవరాదని రాస్తే ఊళ్ళె తెలుస్తది. ఉన్న పిల్లలు గూడ హుజూర్‌నగర్ బస్సెక్కుతరు. బడి మూతపడ్తది మేడం." ఆమె అబద్ధం చెప్పడం లేదు. కాదు అని రాస్తే ఆమెకు మెమో వస్తుంది తప్ప రెండో టీచరు రాదు. అవును అని రాస్తే ఆ పిల్ల గతి ఏమవుతుందో నాకు తెలుసు. అది తెలిసిన మనిషి ఈ జిల్లా మొత్తంలో నేనే కావడం నా ఖర్మ. పెన్ను మూత పెట్టి, ఆ గడి ఖాళీగా వదిలేశాను.

నా చిన్నప్పుడు మా దుకాణానికీ లింగమ్మవాళ్ళ దొడ్డికీ మధ్య ఒకటే మట్టిగోడ. మా వైపు బెల్లం, కిరసనాయిలు, ఎండుమిరపకాయల వాసన. వాళ్ళ వైపు తడిసిన గొంగడి, గొర్రెపాలు, పెంటికల వాసన. మా నాయనమ్మ ముక్కుపొడి పీల్చుకుంటూ ఆ గోడవైపు చూసి పొద్దున్నే తిట్లు లంకించుకునేది, మళ్ళీ ఆ ఇంటి గొర్రెపాల జున్ను వస్తే మొదటి ముక్క తనకే కావాలనేది. లింగమ్మ తండ్రి బీరయ్య మామకు అంకెలు రావు. సాయంత్రం మంద తిరిగొచ్చాక దొడ్డి తడిక దగ్గర నిలబడి, ఒక్కొక్క గొర్రె దవడ కింద చెయ్యి పెట్టి, కంటిరెప్ప తిప్పి చూసి లోపలికి వదిలేవాడు. రెప్ప కింద ఎరుపు తగ్గితే ఆ గొర్రె పక్కకు. దానికి మర్నాడు మందు, వేరే మేత. ఒక్కదాన్ని కూడా చూడకుండా వదిలింది నేనెరగను. వానలో కూడా అంతే. నా ఉద్యోగంలో ఎంతమంది అధికారుల తనిఖీలు చూశానో, ఆ తడిక దగ్గర జరిగినట్టు జరిగింది ఒక్కటీ చూడలేదు.

బడికి రామకోటయ్య సారు ఒక్కరే. కోదాడ ఆయనది. మా దుకాణం వెనక గదిలో కిరాయికి ఉండేవారు. భార్యకు ఒంట్లో బాగుండదు, ఆవిడ కోదాడలోనే. శనివారం మధ్యాహ్నం సైకిలు తుడుచుకుంటుంటే ఆయన మొహంలో ఒక వెలుగు, సోమవారం పొద్దున దిగేటప్పటికి అదే మొహం ముడుచుకుపోయి ఉండేది. చెడ్డవాడు కాదు. కొట్టేవాడు కాదు. అంతకుముందు ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చి, పిల్లల్లో సగంమందికి చదవరాదని చూసి, ఇంకోసారి ఇలాగే ఉంటే బడి ఎత్తేయిస్తానని అందరి ముందూ అన్నాడు. అప్పటినుంచి సారుకు ఆ భయం ఒక రోగంలా పట్టుకుంది. బాగుందని రాస్తే మటుకు కోదాడకు బదిలీ చేయించుకోవచ్చని ఆశ. ఆయన మా నాన్నతో ఆ సంగతి చెప్పుకుని కళ్ళు ఒత్తుకోవడం నేను బియ్యం బస్తాల వెనకనుంచి చూశాను.

ఇన్‌స్పెక్టరు వచ్చే కబురు పదిహేను రోజుల ముందు అందింది. సారు గోడలకు సున్నం వేయించారు. తర్వాత మాకెవరికీ తట్టని పని ఒకటి చేశారు. ఐదో తరగతి వాచకాలన్నీ తెచ్చి, నెమలి పాఠం దగ్గర తెరిచి, మా దుకాణంలో బియ్యం బస్తాల కింద పెట్టారు. వారం తర్వాత తీస్తే, ఎవరు ఏ పుస్తకం పట్టుకున్నా అది నెమలి దగ్గరే తెరుచుకునేది. ఇక ఆ పాఠం వస్తే చాలు. చదవడం రాని ఎనిమిదిమందికి నోటితో నేర్పాలి. అందులో లింగమ్మను నాకు అప్పజెప్పారు. "చూడమ్మా సరోజా, నువ్వు తెలివిగలదానివి. దానికి పాఠం అక్షరం పొల్లు పోకుండా రావాలి. వేలు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో కూడా నేర్పు. బడి నీ చేతుల్లో ఉందనుకో" అన్నారు. బడి నా చేతుల్లో ఉందని అంటే నేను పొంగిపోయాను. ఆ వయసుకు అంతే బుద్ధి.

లింగమ్మ మొద్దు కాదు. నాకంటే నాలుగాకులు ఎక్కువే. ఎదురుగా వచ్చేది ఎవరి మందో దుమ్ము చూసి చెప్పేది. విన్న కథ ఏడాది తర్వాత చెప్పమన్నా పొల్లు పోకుండా చెప్పేది. కాని పొద్దంతా గొర్లతో పోయి, మధ్యాహ్నం దాటాక బడికి వచ్చేది. అప్పటికి అక్షరాలు అయిపోయి ఎక్కాలు నడుస్తుండేవి. బీరయ్య మామ ఒక షరతు పెట్టాడు. పెద్దసారు, అంటే ఇన్‌స్పెక్టరు, వచ్చి సదువొచ్చింది అంటే సరి, లేకపోతే మర్నాటి నుంచి పూర్తిగా మంద వెంట. లింగమ్మకు చదువంటే పిచ్చి. ఆ షరతు విన్న రోజు నాతో పాటు వాగు ఒడ్డుకు వచ్చి, గొర్లను వదిలి, నా ముందు కూర్చుంది.

మిగిలిన రోజులన్నీ వాగు ఒడ్డునే. నేను ఒక వాక్యం అంటే ఆమె అనేది. మూడోసారికి వచ్చేసేది. ఒకరోజు పుస్తకం మీద వేలు పెట్టి, "గిది ఏ అచ్చరమే సరోజా? గిదే గదా మల్ల గీడ గూడ ఉన్నది" అని అడిగింది. రెండుచోట్లా నకారమే. దానంతటది గుర్తుపట్టింది. ఇంకో నెల ఓపిక పడితే పుస్తకమంతా చదివేది. నేనేమన్నానో ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అచ్చరాలకు ఇప్పుడు టైం లేదు. ముందు ఇన్‌స్పెక్టరు పోనీ, తర్వాత నేర్పిస్త." ముందు ఇన్‌స్పెక్టరు పోనీ. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి బడిలో ప్రతి టీచరు నోటా నేనిదే మాట వింటున్నాను, విన్నప్పుడల్లా చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తనిఖీ రోజున మందలోంచి యాటను కోసింది బీరయ్య మామే. అది ఆనవాయితీ. ఇన్‌స్పెక్టరు భోజనం ఊళ్ళో ఏదో ఒక ఇంట వండాలి, ఆ ఏడు వాళ్ళ వంతు. బడి కిటికీలోంచి మసాలా వాసన వస్తుంటే మాకే నోరూరేది, పొద్దున్నే జీపులో బయల్దేరిన మనిషికి చెప్పేదేముంది. ఏడుగురు గట్టెక్కారు. లింగమ్మ లేచింది. పుస్తకం నెమలి దగ్గర తెరుచుకుంది. వేలు పెట్టి చక్కగా చదివింది, నేను నేర్పిన చోట ఆగింది, నేను నేర్పిన చోట గొంతు పెంచింది. పేజీ చివరికి వచ్చింది. వాక్యం సగంలో ఉంది. అన్నీ నేర్పిన నేను, పేజీ తిప్పాలని నేర్పడం మరిచిపోయాను.

ఆమె ఆగకుండా చదువుకుపోయింది. ఇన్‌స్పెక్టరు పుస్తకం వైపు చూశాడు. లింగమ్మ వేలి వైపు చూశాడు. తర్వాత సారు వైపు చూశాడు. సారు మొహం తెల్లగా పాలిపోయింది, పెదాలు ఆడుతున్నాయి. బయట బీరయ్య మామ తలపాగా చేతిలో పట్టుకుని, కిటికీకి మొహం ఆనించి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఒక నిట్టూర్పు విడిచి, "మంచిగ సదివినవ్ బిడ్డా, కూసో" అన్నాడు. తనిఖీ పుస్తకంలో రాసి సంతకం పెట్టి, భోజనానికి లేచాడు. ఆయన జాలిపడ్డాడో, ఆకలిగొన్నాడో నాకు తెలియదు. నాకప్పుడు ఆయన దేవుడిలా కనబడ్డాడు. లింగమ్మా నేనూ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం.

మంచి రాత వచ్చింది గనక రెండు నెలల్లో సారుకు కోదాడ బదిలీ వచ్చింది. మా బడికి మళ్ళీ టీచరు రావడానికి చాలా కాలం పట్టింది. నన్ను నాన్న సూర్యాపేట హాస్టల్లో ఆరో తరగతికి వేయడానికి ఏర్పాట్లు చేశాడు. లింగమ్మను కూడా పంపమని బీరయ్య మామను అడిగితే ఆయన నవ్వాడు. "పెద్దసారే సెప్పిండు గద నా బిడ్డకు సదువొచ్చిందని. వచ్చినంక మల్ల సదువేంది? కడుపు నిండినోనికి బువ్వ పెడ్తరా?" షరతు తప్పింది ఆయన కాదు, మేము. ఊరంతా లింగమ్మను చదువొచ్చిన పిల్ల అనేది. నాన్న సామాన్లకు పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు పోస్టుకార్డులు పట్టుకుని ఆమె దగ్గరకే వచ్చేవారు. ఆమె ఏదో వంకతో వాటిని నా దగ్గరికి తెచ్చి, నేను చదివింది విని, పోయి చెప్పేది. నేను బస్సెక్కే రోజు సంచి అందిస్తూ, "నువ్వు పోతున్నవ్. ఇగ నాకెవరున్నరు?" అంది. ఏడవలేదు. అది ఇంకా భయంగా ఉండింది.

హాస్టల్లో నాకు తిండి సహించలేదు. చేసిన తప్పు అప్పుడప్పుడే అర్థమవుతోంది. ఒక పిల్ల ఉండలేక ఇంటికి పోతే సీటు ఖాళీ అయింది. వార్డెనమ్మ కాళ్ళు పట్టుకున్నాను, నిజంగానే పట్టుకున్నాను. ఉన్న సంగతి చెప్పాను. ఆమె మెత్తబడి, సోమవారం దాకా సీటు ఆపుతానంది. ఆ పూటే లింగమ్మకు కార్డు రాశాను. సోమవారం పొద్దంతా గేటు దగ్గర నిలబడ్డాను. మంగళవారం కూడా నిలబడ్డాను. సీటు ఇంకెవరికో పోయింది. దసరాకు ఇంటికొస్తే అమ్మ అంది, "నీ కార్డు లింగమ్మ మంచిగ సదివి వినిపిచ్చింది బిడ్డా. నీకు తిండి మంచిగున్నదని రాసినవట గద." నేను తిండి మాటే రాయలేదు. సీటు సంగతి మా అమ్మ దగ్గర దాచిపెట్టిందంటే రావడం ఇష్టం లేకనే అనుకున్నాను. ఎవరితోనో చదివించుకునే ఉంటుంది అనుకున్నాను. అప్పటికి లింగమ్మ మందతో పాటు కృష్ణ ఒడ్డుకు, వాడపల్లి వైపు పోయి ఉంది. మళ్ళీ రాయలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో ఎదురుపడ్డా పొడిపొడి మాటలే.

అంత మనసులో పెట్టుకుని, ఖాళీ గడి ఉన్న ఫారం సంచిలో పెట్టుకుని, బడి వదిలాక నందిని వెంట వాళ్ళింటికి పోయాను. ఇప్పుడు రేకుల ఇల్లు, ముందు బండలు పరిచారు. దొడ్డిలో పది గొర్లు ఉన్నాయేమో. లింగమ్మ అరుగు మీద కూర్చుని ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. తల పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు.

"తొవ్వ దొరికిందా ఇన్నేండ్లకు" అంది. "కూసో. నా మనవరాలు మంచిగ సదివిందా?"

"మంచిగ అప్పజెప్పింది" అన్నాను.

సీసా పట్టుకున్న చెయ్యి ఆగింది. నందినిని చాయపత్తా తెమ్మని దుకాణానికి పంపింది. పిల్ల గడప దాటాక మెల్లగా అంది. "సదువరాదని రాస్తవా? వద్దే సరోజా. పదిమందిల దాని ఇజ్జత్ తియ్యకు."

అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళదీ ఒక్కసారే వచ్చింది. "ఇజ్జత్ కోసమేనా ఆనాడు నువ్వు రానిది? నీ కోసం వార్డెనమ్మ కాళ్ళు పట్టుకుంటి. సీటు ఆపిస్తి. కార్డు రాస్తి. ఎందుకు రాలేదే?"

లింగమ్మ నా వైపు తెలియనట్టు చూసింది. "ఏం సీటు?" అంది.

నేను చెప్పబోయే లోపలే లేచి లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. చీరచెంగులో పెట్టుకుని తెచ్చి నా ఒళ్ళో వేసింది. నా కార్డు. అంచులు ముడుచుకుపోయాయి, సిరా గోధుమరంగుకు తిరిగింది.

"పోస్టాయన మీ దుకాణం కాడ్నే ఇచ్చిండు" అంది. "మీ అమ్మ తక్కెడ ఇడిసిపెట్టి ఉరికొచ్చింది. నా బిడ్డ ఏం రాసింది, సదువే లింగమ్మా అన్నది. దుకాణం కాడ ఆరుగురో ఏడుగురో ఉన్నరు. అందరు నా నోరే సూస్తున్నరు. ఏం జెయ్యాలె నేను? ఏలు వెట్టి సదివిన. మంచిగున్నదట, తిండి మంచిగ పెడుతున్నరట, మీ అమ్మ యాదికొస్తున్నదట అని సెప్పిన. మీ అమ్మ ఏడ్సింది. ఇగ అది సదివిన కార్డే గద. సదివిన కార్డు మల్ల సదువుమని ఎవల్ని అడగాలె? మీ నాయిన్ను అడిగితె మొత్తం బయటపడ్తది. ఎప్పటికన్న నాకే అచ్చరాలొస్తయి, అప్పుడు సదువుకుంట అని దాసిన." కార్డు వైపు చెయ్యి చూపి, "ఇప్పుడు సదువు" అంది.

చదివాను. నా చిన్నప్పటి గొంతు నాకే వినబడింది. "లింగమ్మకు సరోజ రాయునది. ఇక్కడ ఒక సీటు ఖాళీ అయ్యింది. నీకు అక్షరాలు రావని వార్డెనమ్మకు చెప్పిన. తిట్టలేదు. అ ఆ నుంచి నేర్పిస్తనన్నది. సోమవారం దాకా ఆపుతనన్నది. మీ నాయిన్ను తోలుకొని రా. దుప్పటి లేకున్నా రా, నా దాంట్ల పండుకుందాం."

గొర్రెపిల్ల లింగమ్మ మోకాలును ముట్టెతో పొడుస్తోంది. ఆమె వేళ్ళమీద ఏదో లెక్క చూసుకుంది.

"గా దినం శుక్కురారం సరోజా" అంది. "తలకు పోసుకొని, ఎంట్రుకలు ఆరబెట్టుకుంట మీ దుకాణం కాడికి వచ్చిన. నాకు మంచిగ యాదున్నది. శుక్కురారమే అందింది నాకు."

మా ఊరినుంచి సూర్యాపేట ఒక్క పూట ప్రయాణం. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు, ఆనాటి లాగే. నా చేతిలోంచి కార్డు తీసుకుని, మడతలు సరిచేసి, ఒళ్ళో పెట్టుకుంది. నేను సంచిలోంచి ఫారం తీశాను. రాసినందువల్ల ఏం జరుగుతుందో నాకు తెలియదు. టీచరమ్మకు మెమో రావచ్చు. బడికి తాళం పడవచ్చు. పిల్లను చూసి ఊళ్ళో నవ్వవచ్చు. రాసిన కాగితం ఏ బీరువాలోనో చెదలు తినవచ్చు, చాలావాటికి జరిగేది అదే. బీరయ్య మామ గొర్రెను పక్కకు తీస్తే దానికి మర్నాడు మందు ఉండేది. నేను పక్కకు తీసే పిల్లకు మందు ఎవరిస్తారో ఆ ఫారంలో ఎక్కడా లేదు. అయినా కాదు అన్న గడిలో టిక్కు పెట్టాను. కింద వ్యాఖ్యల దగ్గర నందిని సంగతి రాసి, ఇంకో టీచరు కావాలనీ, ఉన్న టీచరు తప్పు లేదనీ రాశాను.

చాయపత్తా పొట్లంతో నందిని గడపలో నిలబడి మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. లింగమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏం రాసినవో సదువు" అంది.

ఫారం ఆమె ముందు పెట్టి, అక్షరాల కింద వేలు జరుపుతూ చదివాను. "నందిని, మూడో తరగతి. పాఠం అప్పజెప్పింది. చదవడం రాదు. అక్షరాల నుంచి నేర్పాలి."

పిల్ల తల దించుకుంది. లింగమ్మ నా వేలి వైపే చూస్తూ ఉంది, చదివింది అయిపోయాక కూడా. తర్వాత తలెత్తి, నా మొహంలోకి చూసి అడిగింది.

"ఉన్నది ఉన్నట్టే సదివినవా?"